కళ్లం చేసినట్టే రేస్ ట్రాక్: మట్టిని శనివారం రాత్రికి పదును మీదికి తేవడం

మట్టి ట్రాక్ మీద కార్ల రేసు అనగానే మనవాళ్లలో చాలామంది, ఏదో ఖాళీ పొలం చూసి చుట్టూ గోడ కట్టి కార్లు వదిలేస్తారని అనుకుంటారు. నేనూ అయోవాకి కొత్తగా వచ్చినప్పుడు అలాగే అనుకున్నాను. ఆఫీసులో ఒకాయన రమ్మంటే ఒక శనివారం పక్క ఊళ్లో ఉన్న పావు మైలు ట్రాక్‌కి వెళ్లాను. రేసులు ఆరింటికి, నేను మూడింటికే చేరాను. చేరేసరికి ఒక ముసలాయన మలుపులో మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు మట్టి తీసి, పిసికి, బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. మా నాన్న శనగలు వేసే ముందు రేగడి చేలో సరిగ్గా ఇదే పని చేస్తాడు. ఆ రోజు కార్లకంటే ఆయన్నే ఎక్కువ చూశాను. ఆ తర్వాత మూడు వేసవులు శనివారాలు ఆయన కింద పనిచేశాను. జీతమేమీ లేదు, లోపలికి టికెట్ అక్కర్లేదు, ఒక హాట్‌డాగ్ ఇస్తారు, అంతే.

అక్కడ నేర్చుకున్నది రాస్తున్నాను. అమెరికాలో మీ దగ్గర ఇలాంటి చిన్న ట్రాక్ ఉండి, వాలంటీర్లు కావాలని బోర్డు కనబడితే పనికొస్తుంది. ఊరికే చూడటానికి వెళ్లినా పనికొస్తుంది, ఎందుకంటే నేల చదవడం తెలియకపోతే ఆ రేసు బురదలో తిరిగే గోలలాగే ఉంటుంది.

ముందు ఒక మాట. ట్రాక్ వాళ్లు మట్టి గురించి హెవీ (బాగా తడి), ట్యాకీ (జిగట), స్లిక్ (ఆరి నున్నబడింది) అని రకరకాల మాటలు వాడతారు. మన రైతు ఒక్క మాటలో పదును అంటాడు. నేల మరీ తడిగా ఉంటే పదును రాలేదంటాం, ఆరిపోతే పదును పోయిందంటాం. ట్రాక్ తయారీ అంటే శనివారం సాయంత్రం ఆరింటికి పదును రావాలి, రాత్రి పదిన్నర దాకా పోకూడదు, ఇంతే. అదునూ పదునూ రెండూ కలవాలి. మిగతాదంతా దానికోసం చేసే చాకిరీ.

మట్టి సంగతి

ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. అయోవాలోనే నాక్స్‌విల్ రేస్‌వే అని అర మైలు ట్రాక్ ఉంది, మేరియన్ కౌంటీ సంత జరిగే మైదానంలో. స్ప్రింట్ కార్లు, అంటే మట్టి ట్రాక్ కోసమే కట్టే తేలికపాటి రేసు కార్లు, నడిపేవాళ్లకి అది తిరుపతి లాంటిది, నాక్స్‌విల్ నేషనల్స్ అనే పెద్ద పోటీ 1961లో అక్కడే మొదలైంది, ఆగస్టులో జరుగుతుంది. అక్కడి మట్టి జూక్ అనే రకం నల్ల బంకమన్ను. చూస్తే మన రేగడే అనిపిస్తుంది: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది, చెప్పుకి అంటితే కిలో బరువు తోడవుతుంది. జార్జియా వైపు వెళ్తే ట్రాకులు ఎర్రగా ఉంటాయి, అది వేరే జాతి బంకమన్ను, అంతగా ఉబ్బదు, నీళ్లు తాగే తీరు కూడా వేరు. అందుకే ఒక ట్రాక్‌లో కుదిరిన లెక్క ఇంకో ట్రాక్‌లో కుదరదు. ఎవరైనా "ఇన్ని ట్యాంకర్లు కొట్టండి చాలు" అని ఖచ్చితంగా చెప్తే, ఆయన ట్రాక్ ఎక్కడో ముందు అడగండి.

మీ మట్టిలో ఏముందో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు డిష్‌వాష్ సబ్బు వేసి, అయిదు నిమిషాలు గట్టిగా ఊపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి దిగిపోతుంది. దాని మీద ఒండ్రు లాంటి సన్నమన్ను రెండు మూడు గంటల్లో పేరుకుంటుంది. బంకమన్ను దిగడానికి ఒక రోజో రెండు రోజులో పడుతుంది, ఒక్కోసారి నీళ్లు అప్పటికీ తేటపడవు. మూడు పొరలూ స్కేలు పెట్టి కొలిస్తే మీ మట్టి జాతకం వచ్చేసినట్టే. బంకమన్ను తక్కువై ఇసుక ఎక్కువైతే నీళ్లు నిలవవు, పది ల్యాపులకే గుంతలు పడతాయి, దుమ్ము లేస్తుంది. అచ్చంగా బంకమన్నే అయితే ఇంకో తంటా: తడిగా ఉంటే సబ్బులా జారుతుంది, ఆరితే ఇటుకలా బిగుస్తుంది. కొంచెం ఇసుకా సన్నమన్నూ కలిసిన బంకమన్నే పనికొస్తుంది. కొత్త మట్టి తోలించేటప్పుడు పాతదాంతో కలిపి లోతుగా దున్నాలి. పైన ఊరికే పరిస్తే రెండూ అతుక్కోవు, చపాతీ పొరల్లా విడిపోతాయి, కారు టైరు కింద ఒక పలక మొత్తం లేచి వస్తుంది.

రాళ్లు ఏరడం గురించి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్నాను. గోలీకాయంత రాయి చాలు, వెనక టైరు కింద నుంచి లేస్తే తుపాకీ గుండే. స్ప్రింట్ కారుకి ముందు అద్దం ఉండదు, స్టార్టర్ కూడా ఉండదు, వెనక నుంచి ట్రక్ తోస్తేనే ఇంజిన్ అందుకుంటుంది. దాదాపు 650 కిలోల బండికి 900 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇంజిన్ ఉంటుంది, మరి ఆ టైరు ఏం విసురుతుందో ఊహించుకోండి. కాబట్టి నేల దున్నిన ప్రతిసారీ బకెట్లు పట్టుకుని వరసగా నడిచి ఏరాలి. కొత్తగా వచ్చిన వాలంటీరుకి మొదటి వారం ఇదే పని, నాకూ ఇదే ఇచ్చారు. చిన్నతనం అనుకోకండి, నేల ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గుల్లగా ఉందో అరికాళ్లకి తెలిసేది ఈ నడకలోనే.

పని మొదలయ్యేది వెనకటి శనివారం అర్ధరాత్రి

మొదట్లో నాకిది అర్థం కాలేదు. చివరి రేసు అయిపోయింది, జనం పార్కింగ్‌లో హారన్లు కొట్టుకుంటున్నారు, ఇంకో వారం దాకా కార్లు రావు, ఈ ముసలాయన గ్రేడర్ (బ్లేడుతో నేల గీరి చదును చేసే బండి) ఎక్కి లైట్లు వేసుకుని దున్నడం మొదలుపెట్టాడు. ఎందుకయ్యా, సోమవారం చేసుకోవచ్చుగా అంటే, సోమవారానికి సుత్తి కావాల్సి వస్తుంది అన్నాడు.

జరిగేదేంటంటే, రేసులో టైర్లు పైపొరని రుద్ది రుద్ది తారులా నున్నగా చేసేస్తాయి, కొన్ని రాత్రులు టైరు రబ్బరు కూడా మట్టికి అతుక్కుని నల్లటి చారలా మెరుస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఆదివారం ఎండకి బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పైనుంచి జారి లోపలి మైదానంలోకి పోతాయి, ఒక్క చుక్క కిందికి దిగదు. లోపల ఇంకా కాస్త తడి ఉండగానే పళ్లు దించి 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, వెంటనే నీళ్లు కొట్టేస్తే రాత్రంతా నేల తాగుతుంది. రాత్రి ఎండ లేదు, గాలి తక్కువ, అప్పుడు పోసిన ట్యాంకర్ మధ్యాహ్నం పోసిన రెండింటికి సమానం.

దీంతోపాటే ఇంకో పని కూడా. కార్లు మలుపు తిరిగేటప్పుడు మట్టిని బయటివైపుకి విసురుతుంటాయి, అది గోడ వైపు గట్టులా పేరుకుంటుంది. దీన్నే కుషన్ అంటారు. రేసు నడిచేటప్పుడు అది బంగారం, రేసయ్యాక అది తప్పుచోట పడి ఉన్న మట్టి. మలుపులో ట్రాక్ గోడ వైపు ఎత్తుగా, లోపలివైపు పల్లంగా ఉంటుంది, గ్రేడర్ బ్లేడుతో ఆ మట్టిని కిందికి లాగి మళ్లీ వాలంతా సమంగా పరచాలి. ఇది చేయని ట్రాకులు ఏడాదిలో ఆకారం పోగొట్టుకుంటాయి: పైన గుట్ట, కింద గొయ్యి, ఆ గోతిలో వాన నీళ్లు. గోడ దాటి బయట పడిన మట్టి ఎలాగూ పోయినట్టే, అందుకే రెండు మూడేళ్లకోసారైనా కొత్త మట్టి ఖర్చు తప్పదు.

నీళ్ల లెక్క

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను. పావు మైలు అంటే సుమారు 400 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు అనుకుందాం, మొత్తం 6,000 చదరపు మీటర్లు. మన లెక్కలో ఎకరంన్నర. ఈ నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలవాలంటేనే 6,000 లీటర్లు కావాలి. మా ట్యాంకర్ 2,000 గాలన్లది, అంటే 7,500 లీటర్లు. చూడటానికి ఏనుగంత ఉంటుంది, తీరా మొత్తం పోస్తే మిల్లీమీటరుం పావు. 10 సెంటీమీటర్ల లోతు దున్నిన మట్టి ఎండు బరువు దాదాపు 840 టన్నులు ఉంటుంది, దాని తడిని 5 శాతం పెంచాలంటే 42,000 లీటర్లు, అంటే అయిదారు ట్యాంకర్లు, అదీ ఒక్క చుక్క ఆవిరి కాకుండా ఉంటే. జులై ఎండలో రోజుకి 5 మిల్లీమీటర్లు ఎగిరిపోయినా 30,000 లీటర్లు గాల్లో కలిసినట్టు. ఇదంతా ఫోన్లో మా నాన్నకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. "ఎకరంన్నరకి వారమంతా అన్ని నీళ్లు పెట్టి, చివరికి ఏం పండిస్తార్రా?" అన్నాడు. దుమ్ము లేవకుండా ఉంటుంది నాన్నా అన్నాను. ఇక ఆ విషయం ఎత్తలేదు.

లెక్క తెలిసింది కదా అని ఆరు ట్యాంకర్లూ శనివారం పొద్దున్నే కుమ్మరిస్తే నాశనమే. బంకమన్ను నెమ్మదిగా తాగుతుంది. గబగబా పోస్తే పైపొర బురదై మూసుకుపోతుంది, నీళ్లు వాలు వెంట కిందికి పారి లోపలి అంచున మడుగు కడతాయి. పలచగా ఒక చుట్టు కొట్టి, అరగంట ఆగి, మెరుపు పోయాక ఇంకో చుట్టు కొట్టాలి. నేల మీద నీళ్ల మెరుపు ఉన్నంతసేపు ట్యాంకర్ కదలకూడదు, ఇది మా ముసలాయన పెట్టిన చట్టం. వారం మధ్యలో, అంటే బుధ గురువారాల్లో, ఒకసారి డిస్క్ లాగి పెళ్లలు చితక్కొట్టి మళ్లీ తడపాలి. పెళ్ల లోపల పొడిగా ఉండి పైన తడిస్తే మోసం: శనివారం దాన్ని టైరు పగలగొట్టగానే లోపలి పొడి దుమ్మై లేస్తుంది. మన మెట్ట రైతులు గుంటక తోలేది ఎందుకో అప్పుడు నాకు ఇంకోసారి అర్థమైంది.

ట్యాంకరులో కాస్త డిష్‌వాష్ సబ్బు కలిపేవాళ్లు కొందరున్నారు. పిచ్చి కాదు, సబ్బు కలిస్తే నీళ్లు ఎండిన మట్టి మీద ముత్యాల్లా నిలబడకుండా లోపలికి దిగుతాయి. ఇంకొందరు కాల్షియం క్లోరైడ్ వేస్తారు, అది గాల్లో తేమని పీల్చుకునే ఉప్పు, దుమ్ము బాగా తగ్గుతుంది. నాకైతే దానిమీద అంత ఇష్టం లేదు. ఎక్కువైతే నేల జారుడుగా తయారవుతుంది, కార్ల ఇనుము తుప్పు పడుతుంది, ఒకసారి వేశాక వెనక్కి తీయలేం. నీళ్లతో కానప్పుడు చివరి మందుగా సరే.

నీళ్లు అంతటా ఒకేలా పోయకూడదు కూడా. వాలు ఉన్న ట్రాక్‌లో పైభాగం ముందు ఆరుతుంది, నీళ్లు దానంతటవే కిందికి దిగుతాయి, కాబట్టి పైన ఎక్కువ, కింద తక్కువ. పడమటి ఎండ తగిలే మలుపుకి ఒక చుట్టు అదనం. ప్రేక్షకుల స్టాండ్ నీడ పడే తిన్నటి భాగానికి ఒకటి తక్కువ. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకోవాలి, స్ప్రే మొత్తం పక్కకి కొట్టుకుపోతుంటే మీరు తడిపేది పార్కింగ్‌ని.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. రెండో వేసవిలో మొదటిసారి ట్యాంకర్ నా చేతికిచ్చారు. మూడో మలుపు లోపలి అంచు కొంచెం తెల్లబడినట్టు అనిపించి, అక్కడ బండి ఆపి మరీ వాల్వ్ తెరిచాను. ఒక అర నిమిషం, అంతే. పైకి బాగానే కనబడింది. సాయంత్రం ప్రాక్టీసులో నాలుగో కారు అక్కడ చక్రం దించగానే పైపొర దోసెలా లేచింది, కింద ముద్దపప్పు. ముప్పావు గంట రేసులు ఆగాయి, ఆ బురదంతా తీసి, పొడిమట్టి కలిపి, తొక్కించి సరిచేశాం. నేల తెల్లబడటం అంటే లోపల ఎండిందని కాదు, పైన పొర ఆరిందని మాత్రమే. ఆ తర్వాత నా జేబులో ఎప్పుడూ పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంటుంది. గుచ్చితే సులువుగా దిగి, బయటికి తీస్తే సన్నగా మట్టి అంటుకుని రావాలి. రెండు సెంటీమీటర్లు దిగి టక్కున ఆగిందంటే కింద ఎండుపొర ఉంది. ఏ అడ్డూ లేకుండా జర్రున దిగితే అక్కడ నీళ్లు కొట్టొద్దు.

పిడికిలి పరీక్ష అయితే మీకు తెలిసిందే. 5 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి గట్టిగా పిసకండి. విడిచిపెట్టగానే రాలిపోతే పదును చాలలేదు. అరచేతికి అంటుకుని తడి మరక మిగిలితే ఎక్కువైంది. ఉండ ఉండలా నిలిచి, బొటనవేలితో నొక్కితే వేలిముద్ర పడి, అంచులు చిట్లకుండా ఉంటే అదే. రోడ్లూ డ్యాములూ కట్టే ఇంజినీర్లకి దీనికో పరీక్ష ఉంది, ప్రోక్టర్ అనే ఆయన 1933లో కాలిఫోర్నియా డ్యాముల పని మీద ఉండగా రాసింది: ప్రతి మట్టికీ ఒక తడి ఉంటుంది, ఆ తడిలో కుమ్మితేనే అది గరిష్ఠంగా గట్టిపడుతుంది, తక్కువైనా ఎక్కువైనా గుల్లే. మీ చేతిలో ఉండ చెప్పేదీ దాదాపు అదే.

తొక్కించడం

మీలో కళ్లం చేయడం చూసినవాళ్లుంటే ఈ భాగం ఇట్టే అర్థమవుతుంది. నేల తవ్వి, తడిపి, ఎడ్లని గుండ్రంగా తిప్పి తొక్కించి, ఆరుతున్న కొద్దీ మళ్లీ తొక్కించి, చివర పేడతో అలికితే గింజలో ఒక్క ఇసుక రేణువు కలవదు. ఇక్కడ పేడ తప్ప అన్నీ ఉన్నాయి.

మొదట గిట్టల రోలర్. డ్రమ్ము నిండా గొర్రె గిట్టల్లాంటి ముద్దలుంటాయి, పేరు కూడా షీప్స్‌ఫుట్ అనే. అది కింద నుంచి పైకి గట్టిపరుస్తుంది: మొదటి చుట్టులో గిట్టలు లోతుగా దిగుతాయి, చుట్టు చుట్టుకీ తక్కువ దిగుతూ, చివరికి పైపైనే నడుస్తుంది. అప్పుడు ఆపాలి. నున్నటి రోలర్‌తో మొదలుపెడితే పైన పెంకు కడుతుంది, కింద గుల్ల మిగులుతుంది, నేను చేసిన దోసె కథే మళ్లీ. నున్న రోలర్ చివర్లో, అదీ వాన వస్తుందన్నప్పుడు. వాన ముందు పైపొరని నున్నగా మూసేస్తే నీళ్లు జారిపోతాయి, దున్ని వదిలేసిన ట్రాక్ మీద వాన పడితే ఆ వారం రేసు మర్చిపోవచ్చు. శుక్రవారం రాత్రి ముసలాయన వాతావరణం యాప్ చూస్తూ పడే టెన్షన్ ఇంతా అంతా కాదు, దున్నాలా మూయాలా అనే ఒక్క నిర్ణయం మీదే వారం పని ఆధారపడి ఉంటుంది.

రోలర్ తర్వాత టైర్లు. శనివారం మధ్యాహ్నం నుంచి పాత పికప్ ట్రక్కులు నెమ్మదిగా చుట్లు కొడతాయి, ఆ తర్వాత రేసు కార్లే ఇంజిన్ వేడెక్కించుకుంటూ ఒక గుంపుగా తిరుగుతాయి. దీన్ని వీల్ ప్యాకింగ్ అంటారు. అందరూ ఒకే గాడిలో తిరిగితే ఉపయోగం లేదు, ఒక్కో చుట్టుకి ఒక టైరు వెడల్పు జరుగుతూ పైనుంచి కింది దాకా తొక్కాలి. కుర్ర డ్రైవర్లకి ఈ ఓపిక ఉండదు, జెండా పట్టుకున్నాయన అరుస్తూనే ఉంటాడు. మధ్యాహ్నం జల్లు పడినప్పుడు చిన్న ట్రాకుల్లో ఇంకో తమాషా, మైకులో పిలిచి మరీ ప్రేక్షకుల బండ్లు లోపలికి రమ్మంటారు, ట్రాక్ తొక్కించడానికి. నేను ఒకసారి నా కొరోలా తీసుకెళ్లాను. తర్వాత కడిగించడానికి అయిన ఖర్చు ఇంట్లో చెప్పలేదు.

రేసు నడుస్తుండగా నేల ఏం చెప్తుంది

సాయంత్రం మొదట్లో ట్రాక్ నల్లగా, తడిగా, జిగటగా ఉంటుంది. టైరు పట్టు గట్టిగా ఉంటుంది కాబట్టి వేగమూ అప్పుడే ఎక్కువ. క్వాలిఫయింగ్‌లో, అంటే రేసుకి ముందు ఒక్కొక్కరి వేగం కొలిచే పరుగులో, ముందు వెళ్లే చీటీ వచ్చినవాళ్లు సంబరపడేది అందుకే. ఒక గంట గడిచాక మధ్య దారి ఆరి, నున్నబడి, బూడిదరంగుకి తిరుగుతుంది, అది స్లిక్. అక్కడ యాక్సిలరేటర్ నొక్కితే బండి ముందుకి కాకుండా పక్కకి పోతుంది. అప్పుడు డ్రైవర్లు రెండు దారులు వెతుక్కుంటారు: ఇంకా కాస్త తడి ఉన్న కింది అంచు, లేదా పైన పేరుకున్న కుషన్. పైన వెళ్లేవాడు కుడి వెనక చక్రాన్ని ఆ మట్టిగట్టుకి ఆనించి వస్తాడు. ఒక జానెడు దాటితే గట్టు ఎక్కి గోడకి తగులుతాడు, ఒక జానెడు తగ్గితే స్లిక్‌లో పడతాడు. ఒహాయో రాష్ట్రంలో రాస్‌బర్గ్ దగ్గర ఎల్డోరా స్పీడ్‌వే ఉంది, 1954లో కట్టారు, 2004లో టోనీ స్టీవర్ట్ అనే పేరున్న రేసు డ్రైవర్ కొన్నాడు. అక్కడ కుషన్ దాదాపు గోడ పక్కకే వెళ్లిపోతుంది, ఆ రాత్రులు చూడాల్సిందే.

ట్రాక్ వాళ్లకి కావాల్సింది ఈ రెండు దారులూ సమానంగా ఉండటం, అప్పుడే దాటుకోవడాలు ఉంటాయి. ఒకటే గాడి నల్లగా రబ్బరు పట్టిందంటే అందరూ రైలు బోగీల్లా దాన్నే పట్టుకుంటారు, రేసు చచ్చిపోతుంది. అందుకే పెద్ద రేసుకి ముందు విరామంలో పదిహేను ఇరవై నిమిషాలు మళ్లీ పని: స్లిక్ అయిన చోట పైపైన గీరి, పలచగా నీళ్లు చల్లి, ట్రక్కులతో తొక్కించడం. ఇక్కడ చేయి జారితే రాత్రంతా పోయినట్టే, అందుకని చాలామంది భయపడి ముట్టుకోరు. నా ఉద్దేశంలో ముట్టుకోవాలి. జనం టికెట్ కొన్నది చివరి రేసు కోసం, మొదటి గంట కోసం కాదు.

మట్టిని తక్కువ అంచనా వేస్తే డబ్బున్నవాళ్లకైనా ఏమవుతుందో 2021లో అందరూ చూశారు. అమెరికాలో పెద్ద కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్ వాళ్లు టెనెసీలోని బ్రిస్టల్ కాంక్రీటు ట్రాక్ మీద మట్టి పరిచి, తమ అన్నిటికంటే పెద్ద సిరీస్ అయిన కప్ రేసు పెట్టారు. ఆ సిరీస్ మట్టి మీద అంతకుముందు నడిచింది 1970 సెప్టెంబరులో, నార్త్ కరోలినాలోని రాలీలో, రిచర్డ్ పెటీ గెలిచాడు. బ్రిస్టల్‌లో శనివారం రేసు ట్రక్కుల మొదటి హీట్ (అసలు రేసుకి ముందు జరిగే చిన్న రేసు) ఒక్క ల్యాపుతో ఆగిపోయింది, తడిమట్టి ముందు అద్దాలకి మెత్తినట్టు అతుక్కుని డ్రైవర్లకి ఏమీ కనబడలేదు. తర్వాత వాన, రేసు సోమవారానికి జరిగింది. ఆ సోమవారం ఎండకి సమస్య తిరగబడింది, ఈసారి దుమ్ము. జోయ్ లొగానో గెలిచాడు. స్ప్రింట్ కారు డ్రైవరుకైతే అద్దమే లేదు, హెల్మెట్ మీద పలచటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, బురద పడ్డప్పుడల్లా ఒకటి చింపి పారేస్తాడు. అంటే పదును బండిని బట్టి కూడా మారుతుంది: అద్దం ఉన్న కార్లకి సాయంత్రం మొదట్లోనే మట్టి ఇంకాస్త ఆరి ఉండాలి. మూడేళ్లు చేసి, 2024లో బ్రిస్టల్ మళ్లీ కాంక్రీటుకే వెళ్లిపోయింది.

దీనికి పూర్తిగా తలకిందులైన కేసు ఓక్లహోమాలో టల్సా. జనవరిలో చిలీ బౌల్ అని మిడ్జెట్ కార్ల (స్ప్రింట్ కార్లకంటే చిన్నవి) పోటీ, ఒక పెద్ద ఎగ్జిబిషన్ హాలు లోపలికి బంకమన్ను తోలి పావు మైలు ట్రాక్ చేస్తారు. లోపల ఎండా గాలీ రెండూ లేవు. మనం బయట సూర్యుడితో ఆడే ఆట అక్కడ ఉండదు, పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి, ఆరేది టైర్ల రాపిడికే. బయట ట్రాక్‌లో పనిచేసినవాడు అక్కడికెళ్తే సగం నీళ్లతో మొదలుపెట్టాలి.

వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. ఏప్రిల్‌లో సీజన్ మొదలయ్యే ముందు వెళ్లి అడగండి, అప్పుడు చేతులు ఎక్కువ కావాలి. మొదటి నెల ఏ మెషీనూ ముట్టుకోనివ్వరు, అలగకండి. చెవులకి ఇయర్‌ప్లగ్‌లు, కళ్లకి గట్టి అద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ట్రాక్ మీద ఉన్నప్పుడు గ్రేడర్ వెనక నడవొద్దు, వెనక్కి వచ్చేటప్పుడు నడిపేవాడికి మీరు కనబడరు. రాత్రి ఇంటికి వెళ్లాక బూట్లు గుమ్మం బయటే విప్పేసి అప్పటికప్పుడు కడగండి, పొద్దున చూద్దాంలే అని వదిలేస్తే ఆ నల్లమట్టి గీకడానికి మళ్లీ స్క్రూడ్రైవరే కావాలి.